కాలమును నమ్మిన హళకట్టిగారు

ఇష్టలింగార్చన జరుగు పీట ప్రక్కన వస్త్రములో చుట్టిన తాటాకుల కట్ట యొకటి యుండును. పండుగనాడు దానికి విభూతి పెట్టుదురు, పూవు పెట్టుదురు, ధూపము వేయుదురు. తాత ముత్తాతల నాటిదని పిల్లలకు చెప్పుదురు. కాని ఆ కట్టను విప్పి చదివినవారు ఆ యింట ఎవ్వరును లేరు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున కన్నడ దేశములోని అనేక వీరశైవ గృహములందును మఠములందును శివశరణుల వచనములు ఈ స్థితిలో నుండెను. పూజకు లోపము లేదు. పఠనమే నిలిచిపోయినది. భక్తితో చుట్టిపెట్టిన కట్ట యని ఎరిగి పురుగు ఆగునా? ఏటేట కొన్ని ఆకులు పొడియై రాలుచునే యుండెను.

అట్టి కట్టల ముందు వినయముతో కూర్చుండి, విప్పుటకు అనుమతి వేడి, చదివి, ప్రతి వ్రాసికొని, అచ్చు వేయించి, సుమారు అరువది సంవత్సరములు ఆ పనిలోనే గడిపిన మహనీయుడు ఫకీరప్ప గురుబసప్ప హళకట్టిగారు. కన్నడిగులు ఆయనను వచన పితామహుడని గౌరవింతురు. తెలుగు నాట మన కుటుంబములలో ఆయన పేరు విననివారు తక్కువ. అయితే ఆ పేరు వెనుక నున్న ఓర్పు ఎంతటిదో, దాని కొరకు ఆయన ఏమి చెల్లించినారో తెలిసినవారును తక్కువయే.

హళకట్టిగారు 1880వ సంవత్సరము జూలై 2వ తేదీన ధారవాడలో నేతపని వారి కుటుంబమున జన్మించిరి. తండ్రి గురుబసప్పగారు ఉపాధ్యాయులు, గ్రంథ రచన యందు ఆసక్తి కలవారు. బాలునకు మూడేండ్ల వయస్సున తల్లి గతించినది. అవ్వ పెంచి పెద్దచేసినది. మగ్గము మీద వస్త్రము నేయు ఇంట పుట్టిన పిల్లవానికి ఒక సంగతి ఎవ్వరును నేర్పనక్కరలేదు. పోగు తెగినచో కోపించి లాభము లేదు. రెండు కొనలు వెదకి ముడివేసి మరల నేయవలెను. ఆయన జీవితమంతయు అట్టి ముడులు వేయుటలోనే గడచినది.

ఆనాడు ధారవాడ, బెళగావి, విజాపుర మండలములు బొంబాయి రాజధానిలో చేరియుండెను. ఆ ప్రాంతపు ప్రజల భాష కన్నడమే యైనను కచేరీలలోను వ్యాపారములోను మరాఠీ భాషకు ప్రాబల్యము మెండు. ఉన్నత విద్యకై యువకుడు బొంబాయి చేరి సెయింట్ జేవియర్ కళాశాలలో చదివెను. కర్ణాటకైక్యమునకు తరువాత గొప్ప సేవ చేసిన ఆలూరు వెంకటరావుగారు అచ్చట ఆయనకు సహచరులు. ఆ నగరములో మరాఠీవారును గుజరాతీవారును తమ భాషల కొరకు చేయుచున్న కృషి కన్నడ యువకుల కన్నుల బడెను. పత్రికలు, నాటకశాలలు, గ్రంథమాలలు, చరిత్ర పరిశోధనలు, ఏది చూచినను వారి వద్ద నున్నది. తమ వద్ద లేదు. ఆ లోటును చూచి ఊరక నిట్టూర్చి మరచిపోవువారే ఎక్కువ. హళకట్టిగారు దానిని అప్పుగా భావించి ఊరికి మోసికొని వచ్చిరి.

1904లో న్యాయశాస్త్ర పట్టము పొంది, బెళగావిలో కొలది కాలము వృత్తి నారంభించి, పిమ్మట విజాపురమునకు మారిరి. నేడు విజయపుర మనుచున్న ఆ నగరమే మరణ పర్యంతము ఆయనకు కర్మభూమి యైనది. వృత్తిలో త్వరలోనే పేరు వచ్చెను. ప్రభుత్వ న్యాయవాదిగాను పని చేసిరి. న్యాయస్థానములో కాలమును వాయిదాలతో కొలుతురు. ఈ నెల కాకున్న వచ్చు నెల తీర్పు వచ్చును. గెలుపో ఓటమియో తేలును. కక్షిదారు రుసుము చెల్లించి పోవును. కాని ఆయన మనస్సు మరియొక వ్యాజ్యములో చిక్కుకొని యుండెను. దానికి తీర్పు చెప్పవలసిన వారు అప్పటికి పుట్టియే యుండలేదు.

న్యాయవాద పరీక్ష ముగియక మునుపే, 1903 ప్రాంతమున, కృష్ణా తీరపు సీమలో ఆయనకు వచనముల తాళపత్రములు కొన్ని కంటబడెను. రబకవి, బనహట్టి మొదలగునవి అచ్చటి నేతగాండ్ర ఊళ్లు. ఆ ఊళ్లలోని భక్తుల ఇండ్లలో కట్టలు కట్టలుగా గ్రంథములు అటుకల మీదను పూజాపీఠముల మీదను పడియుండెను. విప్పి చూడగా అందు అల్లమప్రభువు కలడు, బసవేశ్వరుడు కలడు, పేరు కూడ వినని శరణులు కలరు. పురాణములలో మహిమలు చూపిన దేవతా మూర్తులుగా మాత్రమే వినిపించు వారు, ఈ ఆకులలో తమ సొంత గొంతుతో, ఊరివారు మాటలాడుకొను కన్నడములో మాటలాడుచుండిరి. ఆ రోజున పట్టుకొన్న పనిని ఆయన మరల విడువలేదు.

ఈ పని ఎట్టిదో నేటి పాఠకులకు కొంత వివరింపవలసి యున్నది. గంటముతో గీసిన అక్షరము ఆకు మీద గీతగా మాత్రమే యుండును. దీపపు మసినో ఆకుపసరునో రుద్దినగాని కంటికి అగపడదు. పదమునకు పదమునకు నడుమ ఎడము విడువరు. వాక్యము ముగిసిన చోట గుర్తు కానరాదు. పద్యమైనచో ఛందస్సు తోడుపడును. ప్రాస చెప్పును, యతి చెప్పును. వచనమునకు అట్టి ఊతకర్ర లేదు. ఎచ్చట విరిచి చదువవలెనో అర్థమే చెప్పవలెను, అర్థము తెలియుటకు సరిగ విరువవలెను. ఆకులను గ్రుచ్చిన త్రాడు ఒకసారి తెగినచో వరుస తప్పును. వ్రాయసగాడు అలసిన చోట అక్షరము జారును. ఒక కట్టలో నున్న వచనమే మరియొక కట్టలో రెండు మాటలు తక్కువగానో నాలుగు మాటలు ఎక్కువగానో కనబడును.

మరి ఏ వచనము ఎవరిది? దీనికి దారి చూపునది అంకితము. బసవేశ్వరుని వచనము కూడలసంగమదేవుని పేరుతో ముగియును. అల్లమప్రభువునకు గుహేశ్వరుడు, అక్కమహాదేవికి చెన్నమల్లికార్జునుడు, నేతపని చేసిన జేడర దాసిమయ్యకు రామనాథుడు, మడివాళ మాచయ్యకు కలిదేవుడు. పెద్దవారి అంకితములు తెలిసినవే. చిన్నవారి మాట ఏమి? కట్టెలు కొట్టినవారు, చెప్పులు కుట్టినవారు, పడవ నడిపినవారు, ఊడ్చినవారు, వారి ఇల్లాండ్రు, అందరును వచనములు చెప్పినవారే. అంకితము కనబడును, ఎవరిదో తెలియదు. అట్టిదానిని హళకట్టిగారు ఊహతో ఎవరికో ఒకరికి అంటగట్టక ప్రక్కన నుంచెడివారు. మరియొక ఊరిలో మరియొక కట్ట దొరకినప్పుడు, అందులో ఆ శరణుని పేరును అంకితమును కలిసి కనబడినప్పుడు, ఎన్నడో ప్రక్కన పెట్టిన ఆకు తన యజమానిని చేరుకొనెడిది. ఈ రీతిగా పేర్లు ఒకటొకటిగా పెరిగెను. మొదట సుమారు ఏబదిమంది వచనకారులు మాత్రమే తెలిసియుండగా, ఆయన కృషి వలన ఆ సంఖ్య రెండు వందలు దాటెను.

కట్టలు సేకరించుట చదువుటకంటె కష్టము. పూజలో నున్న గ్రంథమును బయటికిచ్చుటకు గృహస్థులకు మనసొప్పదు. అది తప్పని అనుటకును వీలు లేదు. ఆ భక్తియే గదా శతాబ్దముల తరబడి ఆ ఆకులను నిప్పునుండి నీటినుండి కాపాడినది! పన్నెండవ శతాబ్దిలో, బిజ్జలుని రాజ్యమున కల్యాణములో కల్లోలము చెలరేగినప్పుడు శరణులు నలుదిక్కులకు చెదరిపోయిరి. చెన్నబసవేశ్వరుడు మొదలగువారు ఉళవి వైపు సాగిపోయిరని సంప్రదాయము చెప్పును. నాడు మూటలలో దాచి మోసికొనిపోయిన పలుకులే పదునైదవ శతాబ్దిలో, విజయనగరమున ప్రౌఢదేవరాయల కాలమున, విరక్తుల చేతిలో మరల కూర్పబడి శూన్యసంపాదనము వంటి గ్రంథములైనవి. అటుపిమ్మట మరల మూటలోనికే పోయినవి. ఇచ్చువాడు అనుమానించినప్పుడు హళకట్టిగారు వాదించెడివారు కారు. వాదించుట తెలియనివారా? అది ఆయన జీవనోపాధి. కాని ఇంటి గడప లోపల న్యాయవాది పనికిరాడని ఆయనకు తెలియును. మరల వచ్చెడివారు, మరల అడిగెడివారు. ఈ విధముగా 1920 నాటికి వందల కొలది కట్టలు ఆయన యింట చేరెను.

ఈ నడుమ ఊరి పనులును సాగుచునే యుండెను. 1910లో విజాపుర మండలమున లింగాయత విద్యాసంస్థను నెలకొల్పిరి. నేడు బి.ఎల్.డి.ఇ. అను పేర వైద్య కళాశాల వరకు పెరిగిన మహావృక్షమునకు అది విత్తనము. 1912లో శ్రీ సిద్ధేశ్వర సహకార బ్యాంకు స్థాపనకు పూనుకొనిరి. రైతును వడ్డీ వ్యాపారి బారినుండి తప్పించుట అందలి ఆశయము. పురపాలక సంఘములో నున్నప్పుడు నీటి ఎద్దడితో అల్లాడు ఆ నగరమునకు భూతనాళ చెరువు సమకూరుటకు పాటుపడిరి. బొంబాయి శాసనసభలో సభ్యులుగా నుండిరి. రావు బహద్దరు బిరుదము వచ్చెను. వీనిలో ఏ ఒక్కటి చేసినను సామాన్యునకు జీవిత సాఫల్యము. అన్నింటికిని ఒక సామాన్య లక్షణము కలదు. పాఠశాల గాని, బ్యాంకు గాని, చెరువు గాని, త్రవ్వినవాని దాహము తీర్చుటకంటె వెనుక వచ్చువారి దాహము తీర్చునవే.

సేకరించిన వచనములనుండి ఏరి, విషయము వారీగా విభజించి, వచనశాస్త్రసారము అను పేర గ్రంథమును సిద్ధపరచిరి. ఇక అచ్చు వేయింపవలెను. మంగళూరులో కన్నడ ముద్రణకు పేరుపొందిన ముద్రణాలయ మొకటి యుండెను. వ్రాతప్రతిని, దానితో పాటు పైకమును అచ్చటికి పంపిరి. కొంతకాలమునకు వ్రాతప్రతియు పైకమును రెండును తిరిగివచ్చెను.

ఆ కట్టడము విప్పి చూచుకొన్న దినమున ఆయన వయస్సు నలుబదేండ్లు. పదునేడేండ్ల శ్రమ బల్ల మీద నున్నది. వెనుక వృత్తియున్నది, గౌరవమున్నది. ఈ పని ఇంతటితో విడిచినను లోకములో నిందించువాడు లేడు. తాళపత్రములు ఎట్లును మూగవే. మనలో చాలమంది ఓర్పు ఇట్టిచోటనే తెగిపోవును. కష్టము వచ్చినప్పుడు గాదు, కష్టపడినది అక్కరలేదని ఇతరులు అన్నప్పుడు. హళకట్టిగారు వ్రాతప్రతిని మరల సరిచూచుకొనిరి. ఆంగ్లము చదువువారికి తెలియవలెనని బసవేశ్వరుని వచనములు కొన్ని ఆంగ్లీకరించి ఇండియన్ ఆంటిక్వరీ అను పరిశోధన పత్రికలో 1922లో ప్రకటించిరి. వేరొక ముద్రణాలయమును వెదకిరి. 1923లో బెళగావిలో వచనశాస్త్రసారము ప్రథమ భాగము వెలువడెను. మొదటి తాళపత్రమును చూచిన నాటినుండి మొదటి అచ్చు పుస్తకమును చేతపట్టిన నాటికి ఇరువది సంవత్సరములు.

పుస్తకము వెలువడగనే పండితలోకము కనులు తెరచినది. పద్యములు లేని గద్యములో ఇంతటి సాహిత్యము ఏడెనిమిది వందల యేండ్ల క్రిందటనే కన్నడమున నుండెనా యని ఆశ్చర్యపడిరి. కాని ఒక గ్రంథముతో తీరునది కాదు. ఇంటినిండ కట్టలున్నవి. ఒక్కొక్క పుస్తకమునకు పరుల ముద్రణాలయపు గుమ్మము ముందు నిలువవలసి వచ్చినచో ఒక జన్మ చాలదు. అందుచేత ఆయన లెక్క వేసికొని, లోకులకు పిచ్చితనముగా తోచిన పని చేసిరి. ఉన్న యిల్లు అమ్మి, ఆ సొమ్ముతో 1925లో విజాపురమున హితచింతక ముద్రణాలయమును స్థాపించిరి.

ఇచ్చట ఒక్క మాట. మహాపురుషుల త్యాగమును వర్ణించువారు ఇల్లు అమ్మిరని ఒక వాక్యములో వ్రాసి ముందుకు సాగుదురు. ఆ యింటిలో కాపురము చేయు ఇల్లాలు, పిల్లలు ఆనాడు ఎచ్చటికి పోయిరో అడుగరు. అద్దె ఇంటిలో, తగ్గిపోయిన రాబడితో, గదులనిండ తాటాకులతో సంసారము నడిపినది ఆ తల్లి. వచన సాహిత్యోద్ధరణలో ఆమె భాగము ఏ శీర్షిక క్రిందను అచ్చు కాలేదు. న్యాయవాద వృత్తి క్రమముగా వెనుకబడెను. కక్షిదారులు వేరు న్యాయవాదులను వెదకికొనిరి. ఆయనకు అది తెలియకపోలేదు.

1926లో శివానుభవ పత్రిక ఆరంభమైనది. అది త్రైమాసికము. మూడు నెలలకొక సంచిక. సంచికలో కొంత భాగము ప్రాచీన గ్రంథమునకు, కొంత భాగము వ్యాఖ్యకు, కొంత శరణుల చరిత్రకు. త్రైమాసికమును నడుపుట యెట్టిదో మన మఠములలో పత్రికలు నడిపినవారు ఎరుగుదురు. దినపత్రికకు నిన్నటి తప్పు నేడు దిద్దుకొను వీలుండును. త్రైమాసికమున దొర్లిన తప్పు మూడు నెలలు నిలిచి వెక్కిరించును. వ్రాయువారు ఆయనయే, ప్రూఫులు దిద్దువారు ఆయనయే. చందాలు వ్రాసికొనుట, సంచికలకు చుట్టుకాగితము చుట్టి తపాలాకు చేర్చుట వరకు ఆయన చూచుకొనవలసినవే. లాభము కొరకు పెట్టిన పత్రిక కాదు. లాభము రానును లేదు. అయినను సుమారు ముప్పదియైదు సంవత్సరములు అది వెలువడెను. హరిహర మహాకవి రగళెలు దానివలన, ఆ ముద్రణాలయము వలన వెలుగు చూచెను. శూన్యసంపాదనము 1930లో అచ్చయ్యెను. 1927లో నవకర్ణాటక మను వారపత్రికను గూడ ఆయన ఆరంభించిరి. ఆ పత్రిక చూపు శరణుల కాలము వైపు గాక రాబోవు కర్ణాటక రాష్ట్రము వైపు నుండెను. ఒకే మనిషి ఒక చేతితో ఎనిమిది వందల యేండ్ల వెనుకటి ఆకును, మరియొక చేతితో ముప్పదేండ్ల తరువాత రానున్న రాష్ట్రమును పట్టుకొని యుండుట ఆలోచింపదగినది.

అదే 1926లో బళ్ళారిలో జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనమునకు ఆయన అధ్యక్షులైరి. బళ్ళారి అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. అచ్చట ఒక వీధిలో కన్నడము, ప్రక్క వీధిలో తెలుగు వినిపించును. మనకు మరియొక సంతోషకరమైన సంగతి కలదు. ఆ సంవత్సరమే తెలుగున పాల్కురికి సోమనాథుని బసవపురాణము వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణముతో, విపుల పీఠికతో ఆంధ్రగ్రంథమాలలో వెలువడినది. ఆరువందల యేండ్లకు పైగా చేతివ్రాతలలో నున్న ద్విపద కావ్యమది. సోమనాథుని ఆ తెలుగు కావ్యమునే భీమకవి 1369లో కన్నడించెను. కన్నడ దేశపు శరణుల కథను తెలుగు కవి చెప్పగా దానిని కన్నడ కవి తిరిగి తన నాటికి తీసికొనిపోయెను. ఆ రెండు భాషల మూటలును ఒకే కాలమున విప్పబడుట యాదృచ్ఛికమే కావచ్చును. పండితారాధ్య చరిత్రము మాత్రము చిలుకూరి నారాయణరావుగారి చేతిమీదుగా 1939 వరకు వేచియుండవలసి వచ్చెను.

హళకట్టిగారి ప్రచురణలలో లోపములు లేవా? ఉన్నవి. వివిధ ప్రతులలోని పాఠభేదములను అడుగున చూపు నేటి పరిష్కరణ పద్ధతిని ఆయన అన్నిచోట్లను పాటింపలేదు. ఏ వచనమును ఏ కట్టనుండి గైకొనిరో ప్రతిచోటను తెలుపలేదు. కొన్ని వచనములు పిమ్మటి పండితుల పరీక్షలో ప్రక్షిప్తములని తేలెను. వచనములను షట్స్థలముల చట్రములో చూచుట ఎక్కువై, శరణుల సామాజిక దృష్టి కొంత మరుగుపడినదని అనువారును కలరు. ఇవి నిజమైన విమర్శలే. అయితే విమర్శకుని ముందు శుభ్రమైన అచ్చుపుస్తక మున్నది. హళకట్టిగారి ముందు పొడియగుచున్న ఆకు ఉండెను. పాఠభేదముల పట్టిక పూర్తియగు వరకు ఆకు ఆగదు. ఎచ్చట వేచియుండవలెనో ఎచ్చట వేచియుండరాదో తెలియుటయు ఓర్పులోని భాగమే. పేరు తెలియని శరణుని కొరకు ఏండ్లు వేచిన ఆయనయే, అచ్చు విషయమున ఒక్క నెల ఆలస్యమునకు తహతహలాడిరి.

పండితులకు మాత్రమే గాక పిల్లలకును ఇల్లాండ్రకును అందవలెనని శివశరణుల చరిత్రలను సులభ గద్యమున అనేకముగా వ్రాసిరి. వచనశాస్త్రసారము తరువాతి భాగములును వెలువడెను. వయస్సు మీరినకొలది ధనము తరిగెను. విజాపురపు వీధులలో మాసిన కోటుతో, సంచీలో ప్రూఫు కాగితములతో నడచిపోవు వృద్ధుని చూచి, ఈయన ఒకనాటి ప్రభుత్వ న్యాయవాది యని, శాసనసభ్యుడని క్రొత్తవారు నమ్మెడివారు కారట. ఆయన నెలకొల్పిన బ్యాంకులో ఇతరుల సొమ్ము పెరుగుచుండెను. ఆయన ఇంట మాత్రము కాగితమునకు, తపాలా బిళ్ళలకు వెదకికొనవలసి యుండెను.

1956వ సంవత్సరము ఆయనకు రెండు సంతోషములను తెచ్చినది. కర్ణాటక విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరేటు బిరుదమిచ్చి సన్మానించెను. నవంబరు 1వ తేదీన కన్నడ ప్రాంతములన్నియు ఒక్క రాష్ట్రముగా ఏకమయ్యెను. బొంబాయి వీధులలో లోటుగా కనబడినది, అరువది సంవత్సరములు నిండకమునుపే కన్నులారా చూడగలిగిరి. డెబ్బదియారేండ్ల వయస్సున ఆ గౌరవములు అందుకొని మరల శివానుభవ పని మీద కూర్చుండిరి. ఆ పత్రిక 1961 ప్రాంతము వరకు నడచెను.

1964 జూన్ మాసాంతమున, ఎనుబదినాలుగవ జన్మదినమునకు కొలది దినముల ముందు, విజాపురమునందే హళకట్టిగారు లింగైక్యులైరి. ఆ యేడే బెంగళూరులో బి. డి. జత్తిగారి నాయకత్వమున బసవ సమితి ఏర్పడెను. వచనములను ఇతర భాషలలోనికి తెచ్చు పనికి పిమ్మట పూనుకొన్నది ఆ సంస్థయే. తెలుగు అనువాదమును అందులో కలదు. విజాపురమున ఆయన నాటిన విద్యాసంస్థ ఆయన పేర పరిశోధన కేంద్రమును నడుపుచు ఆయన రచనలను సంపుటములుగా ప్రకటించినది. 1993లో కర్ణాటక ప్రభుత్వము ఎం. ఎం. కల్బుర్గిగారి ప్రధాన సంపాదకత్వమున సమగ్ర వచన సంపుటములను పదునైదింటిని వెలువరించెను. ఇరువది వేలకు పైబడిన వచనములు వానిలో చేరినవి. వానిలో పెక్కింటికి మొదటి అచ్చు, ఇల్లు అమ్మి కొన్న ఆ చిన్న ముద్రణాలయములో పడినదే.